గొప్పదని పేరున్న ఆల్బమ్‌ను మన చెవితో తేల్చుకోవడం ఎట్లా

నల్లగొండలో నాది మైక్‌సెట్ దుకాణం. పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు, బతుకమ్మకు బాక్సులు కడతాను. రాత్రి ఇంటికొచ్చాక అమెరికా కంట్రీ పాటలు వింటాను. నా దగ్గర పనిచేసే పిల్లలకు కూడా ఆ రుచి అంటింది. "అన్నా, లూసిండా విలియమ్స్ ఆల్బమ్ అంత గొప్పదంటరు, నిజమేనా?" అని అడుగుతుంటారు. లూసిండా అమెరికా గాయని, పాటలు కూడా రాస్తుంది. వాళ్లు అడిగేది 1998లో వచ్చిన ఆమె ఆల్బమ్ 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్' గురించి. ఆ పేరు దానికి దక్కాల్సిందేనని నా నమ్మకం. అయితే నేను చెప్పానని ఒప్పుకోవద్దు. వాళ్లకు చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నా, మీరే వినండి.

మొదట దాని చుట్టూ ఉన్న కథను పక్కన పెట్టాలి. అంతకుముందు ఆల్బమ్ 1992లో వచ్చింది. అంటే మధ్యలో ఆరేళ్లు. ఒకసారి రికార్డు చేసింది, నచ్చక మళ్లీ చేసింది. ఎన్నో ఏళ్లు తోడున్న గిటారిస్టు గర్ఫ్ మోర్లిక్స్ ఆ గొడవలో విడిపోయాడు. తర్వాత ఆల్బమ్ నిర్మాతలుగా స్టీవ్ ఎర్ల్, రే కెన్నెడీ వచ్చారు, చివర్లో ఇంకో నిర్మాత రాయ్ బిట్టన్ చెయ్యేశాడు. గ్రామీ వచ్చింది, ఆ ఏడాది విమర్శకుల ఓటింగులో మొదటి స్థానం వచ్చింది. చాలామంది పొగడ్త ఈ ఆరేళ్ల పట్టుదల మీదే నిలబడి ఉంటుంది. ఆరేళ్లు కష్టపడి చెడ్డ ఆల్బమ్ కూడా చేయొచ్చు. మనం వినేది పాట.

రెండో పని, బేస్ తగ్గించండి. ఏ ఊళ్లో బాక్సులు కట్టినా నేను ముందు చూసుకునేది మాట స్పష్టంగా వినపడుతుందా లేదా అని. బేస్ ఎంత పెంచితే అంత లోపాలు దాస్తుంది. మామూలు ఫోన్ స్పీకర్లో 'రైట్ ఇన్ టైమ్' పెట్టండి. డ్రమ్స్ పలచబడతాయి, గిటార్లు వెనక్కి పోతాయి, ఆమె గొంతు మాత్రం మీ ముందే ఉంటుంది. మాటల చివర్లు మింగేస్తూ, తాళం కంటే కాస్త వెనకగా, తొందరేమీ లేనట్టు పాడుతుంది. ఇంగ్లిష్ అర్థం కాకున్నా ఫర్వాలేదు. మొదటిసారి సాహిత్యం చూడకుండానే మొత్తం వినండి. పదమూడు పాటలు, గంట లోపే. నల్లగొండలో బస్సెక్కితే దేవరకొండ చేరేలోపు అయిపోతుంది.

రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకోండి. అసలు పరీక్ష ఇదే: పాటలో ఉన్న ఊరి పేరు తీసి ఇంకో ఊరి పేరు పెట్టి చూడండి. పాటకు ఏమీ కాకపోతే ఆ పేరు అలంకారానికి పెట్టినట్టు. 'లేక్ చార్లెస్' పాటలో ఒక మనిషి పుట్టింది టెక్సస్‌లోని నకడోచెస్‌లో. కానీ అందరికీ పక్క రాష్ట్రం లూయిజియానాలోని లేక్ చార్లెస్ మాది అని చెప్పుకుంటాడు. అతను చనిపోయాక పాడే పాట ఇది. లూసిండా పుట్టిన ఊరు కూడా లేక్ చార్లెసే. ఆ పేరు మార్చితే పాటే ఉండదు.

చివరి పాట 'జాక్సన్' ఇంకా గొప్పది. విడిపోయి వెళ్తున్న మనిషి లఫయెట్, బాటన్ రూజ్, విక్స్‌బర్గ్, జాక్సన్ అంటూ దారి వెంట ఊళ్లు చెప్పుకుంటూ పోతుంది. మ్యాప్ తెరిచి చూడండి, నిజంగానే అదే వరస. ఒక్కో ఊరు చేరాక నీ కోసం బాధపడను, ఏడవను అంటుంది. మన దగ్గర హైదరాబాద్ బస్సులో కూర్చుని "నార్కట్‌పల్లి దాటితే మర్చిపోతా, చిట్యాల దాటితే కన్నీళ్లు రావు, చౌటుప్పల్ దాటితే..." అనుకున్నట్టు. ఎన్ని ఊళ్లు చెప్తే ఆ మాట మీద అంత నమ్మకం పోతుంది మనకు. ఏడుస్తున్నానని ఒక్క మాట అనకుండా ఏడిపించడం అంటే ఇదే.

టైటిల్ పాట వినేటప్పుడు మన సుద్దాల హనుమంతు రాసిన పశులు కాసే పిల్లగాడి పాటను పక్కన పెట్టుకోండి. అందులో చినిగిన అంగీతో పిల్లవాడు, ఇందులో కారు వెనక సీట్లో నాలుగైదేళ్ల పాప. కన్నీళ్లలో కలిసిన మట్టి, వంటింట్లో కాఫీ వాసన, కిటికీలో పరుగెత్తే టెలిఫోన్ స్తంభాలు. రెండిట్లోనూ పెద్దవాళ్ల లోకం చేసిన గాయం పిల్లల ఒంటి మీద కనపడుతుంది. లూసిండా తండ్రి మిల్లర్ విలియమ్స్ పేరున్న కవి. ఈ పాట విని కూతురికి క్షమాపణ చెప్పాడని ఆమే చెప్పింది. ఆ సంగతి తెలియకముందే మీకు గొంతు పట్టేస్తే పాట గెలిచినట్టు.

ఇక పోల్చి చూడటం. 'ఐ లాస్ట్ ఇట్' ఆమె 1980లో ఒకసారి రికార్డు చేసింది, ఇందులో మళ్లీ పాడింది. రెండూ వెంట వెంటనే వినండి. మొదటిదాంట్లో లేత గొంతు, రెండోదాంట్లో పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలిసిన గొంతు. ఆరేళ్ల కథ కంటే ఈ రెండు పాటల మధ్య దూరమే నాకు పెద్ద సాక్ష్యం.

తప్పులు కూడా వెతకాలి, లేకపోతే అది విచారణ కాదు, భజన. 'స్టిల్ ఐ లాంగ్ ఫర్ యువర్ కిస్' నాకు మామూలుగానే అనిపిస్తుంది. అట్లాంటి ప్రేమ పాటలు ఎవరైనా రాస్తారు. 'కాంట్ లెట్ గో' బాగా ఊపుతుంది, కానీ అది రాండీ వీక్స్ రాసింది, ఆ మెప్పులో సగం ఆయనకు ఇవ్వాలి. 'జాయ్' దాదాపు ఒకే వరస మీద తిరుగుతుంది. కొందరికి విసుగు. నాకైతే ఆ తిరగడంలోనే కోపం పెరుగుతుంది. ఇక్కడ మీరు నాతో విభేదించొచ్చు.

'డ్రంకెన్ ఏంజెల్' దగ్గర మాత్రం తొందరపడి తీర్పు చెప్పొద్దు. 1989లో ఆస్టిన్‌లో తుపాకీ గుండుకు చనిపోయిన పాటగాడు బ్లేజ్ ఫోలీ మీద రాసింది. చనిపోయినవాళ్ల మీద పాటంటే పొగడ్తే ఉంటుంది సాధారణంగా. ఇందులో గిటార్ ఎందుకు వదిలేశావని నిలదీస్తుంది. ప్రేమ ఉన్నచోటే అంత కోపం వస్తుంది.

ఈ పద్ధతి చేతికొచ్చాక ఆమె 1992 ఆల్బమ్ 'స్వీట్ ఓల్డ్ వరల్డ్' తీసుకోండి. 2017లో దాన్ని ఆమే కొత్తగా మళ్లీ రికార్డు చేసింది. పాతది ముందు, కొత్తది తర్వాత, బేస్ తగ్గించి.