బ్యాటరీ త్వరగా వీక్ అవుతోందా? ముందు ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి

బ్యాటరీ గురించి అడిగేవాళ్లలో చాలామంది ఒకే చోట మొదలుపెడతారు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టొచ్చా, 80 దగ్గర తీసెయ్యాలా, 20కి దిగేదాకా ఆగాలా? శాతాల లెక్క అందరికీ కంఠతా వచ్చేసింది. ఛార్జింగ్ పెట్టిన అరగంటకి ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూశారా అంటే మాత్రం జవాబు ఉండదు. ఏళ్ల తరబడి ఫోన్లు విప్పి బ్యాటరీలు మారుస్తున్నాను. ఆ ఒక్క పని ముందే చేసి ఉంటే మార్చాల్సిన అవసరమే రాని బ్యాటరీలు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. కింద ఒక్కో లక్షణం నుంచి మొదలుపెట్టి కారణం దగ్గరికి వెళ్తాను. మీ ఫోన్‌కి ఏది సరిపోతే అది చదవండి. వేడి గురించి రాసింది మాత్రం అందరూ చదవండి.

"ఛార్జింగ్ చాలా నెమ్మదిగా ఎక్కుతోంది"

ముందు కేబుల్ మార్చి చూడండి. చాలామంది ఛార్జర్ కొనేస్తారు, పాత కేబుల్ మాత్రం అలాగే ఉంచుతారు. కేబుల్ లోపలి తీగలు మరీ సన్నగా ఉన్నా, వంగే మెడ దగ్గర కొన్ని తెగిపోయినా వోల్టేజి దారిలోనే పడిపోతుంది. ఫోన్ అది గమనించి తీసుకునే కరెంటు తగ్గించేస్తుంది.

కేబుల్ మార్చినా అంతే ఉంటే పోర్టులోకి టార్చి వేసి చూడండి. జేబులో తిరిగే ఫోన్‌లోకి బట్టల నూగు చేరుతుంది. మనం ప్లగ్ దూర్చిన ప్రతిసారీ అది అడుక్కి అణిగిపోయి, కొన్నాళ్లకి గట్టి బిళ్లలా తయారవుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లదు, దాని లోహపు అంచు కాస్త బయటికి కనిపిస్తుంటుంది, టక్కున కూర్చోదు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో పోర్టు గోడ వెంబడి మెల్లగా గీరి బయటికి లాగండి. సూదులు, పిన్నీసులు వద్దు. యూఎస్‌బీ-సీ పోర్టు మధ్యలో సన్నటి నాలుక ఒకటి ఉంటుంది, అది విరిగితే పోర్టే మార్చాలి.

80 దాటాక మాత్రమే నెమ్మదిస్తుంటే అది లోపం కాదు. ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్‌ని అలాగే నింపుతారు. మొదట కరెంటు గట్టిగా పంపి, వోల్టేజి గరిష్ఠానికి చేరాక కరెంటుని క్రమంగా తగ్గిస్తూ వస్తారు.

"80 దగ్గరే ఆగిపోతోంది"

సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరవండి. ఐఫోన్ 15 నుంచి 80 దగ్గర ఆపే ఆప్షన్ ఉంది, శాంసంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ ఉంది, పిక్సెల్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఎవరో ఆన్ చేసి ఉంటారు. ఉండనివ్వండి, మంచిదే.

ఆ ఆప్షన్ ఆఫ్‌లో ఉండి కూడా 80 దగ్గర ఆగుతుంటే ఆలోచించాలి. సెల్ మరీ వేడెక్కితే ఐఫోన్ తనంతట తానే 80 పైకి ఎక్కించడం ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని ఫోన్ రీసెట్ చేసుకున్నవాళ్లని చూశాను. ఫోన్ వేడిగా ఉందని చెబుతోంది, అంతే.

"పొద్దున నిండుగా ఉంది, మధ్యాహ్నానికి ఖాళీ"

అదే బ్యాటరీ పేజీలో ఏ యాప్ ఎంత తిందో ఉంటుంది. ఒక్క యాపే సగం తినేస్తుంటే బ్యాటరీని అనుమానించకండి. సిగ్నల్ సరిగా అందని చోట రోజంతా ఉన్నా ఇంతే, టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ బోలెడు కరెంటు తాగుతుంది. ఈ రెండూ కాకపోతే బ్యాటరీ హెల్త్ ఎంతుందో చూడండి. కొత్తలో ఉన్న సామర్థ్యంలో 80 శాతం కంటే కిందికి పడిపోతే సెల్ అరిగిపోయినట్టే లెక్క. ఫోన్ రెండు మూడేళ్లదైతే మార్చుకుని ముందుకెళ్లండి. ఏడాదిలోపే పడిపోతే మాత్రం మార్చేముందు కింది భాగం చదవండి. కారణం పట్టుకోకుండా మారిస్తే కొత్తదానికీ అదే గతి.

"ఏడాది కాలేదు, బ్యాటరీ వీక్ అయిపోయింది"

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

ఒకాయన ఫోన్ నా బల్ల మీదికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఏడాదికే హెల్త్ పడిపోయిందంటే మార్చి ఇచ్చాను. తొమ్మిది నెలలకి మళ్లీ తెచ్చారు, ఈసారి వెనక మూత ఒక పక్క లేచి ఉంది. నేను తెప్పించిన బ్యాటరీయే నాసిరకం అనుకుని నా ఖర్చుతో ఇంకోటి వేశాను. ఛార్జర్ కొలిచాను, కేబుల్ కొలిచాను, స్క్రీన్ ఆపేసినప్పుడు బోర్డు ఎంత కరెంటు లాగుతోందో చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏడాది తిరక్కుండా మూడోసారి. మూత ఊడదీస్తుంటే అప్పుడు కంటపడింది. మూత అంచు చుట్టూ జిగురు ఒకేలా లేదు. మూడు పక్కలా గట్టిగా పట్టుకుని ఉంది, కింది ఎడమ మూల మాత్రం మెత్తబడి దారాల్లా సాగుతోంది. జిగురు మెత్తబడాలంటే ఆ మూలకి బయటి నుంచి వేడి తగులుతూ ఉండాలి, అదీ చాలా రోజులు.

"ఫోన్ ఎక్కడ పెట్టి ఛార్జ్ చేస్తారండీ?" అని అడిగాను.

"రూటర్ మీద. ప్లగ్ పాయింట్ అక్కడే ఉంది కదా."

ఆయన పని ఇంటి నుంచే. పొద్దున పెట్టిన ఫోన్ కాల్ వస్తే తప్ప కదలదు. ఎప్పుడు చూసినా 100, ఎప్పుడు చూసినా ప్లగ్‌లోనే. పైగా తోలు ఫ్లిప్ కవర్. కింద రూటర్ రాత్రీ పగలూ గోరువెచ్చగా కాగుతూ ఉంటుంది, పైన కవర్ ఆ వేడిని బయటికి పోనివ్వదు. నేను ఛార్జర్ గురించి అడిగాను, యాప్‌ల గురించి అడిగాను. చోటు గురించి దాదాపు రెండేళ్లపాటు అడగలేదు.

ఇలా ఎందుకు అవుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. 100 శాతం అంటే సెల్ వోల్టేజి దాని పైహద్దు దగ్గర ఉన్నట్టు, ఈమధ్య ఫోన్లలో అది దాదాపు 4.4 వోల్టులు. ఆ వోల్టేజి దగ్గర సెల్ లోపలి ద్రవం పాజిటివ్ ఎలక్ట్రోడ్‌తో మెల్లమెల్లగా చర్య జరుపుతూ చెడిపోతుంది. అవతలి పక్క, నెగటివ్ ఎలక్ట్రోడ్‌లోని గ్రాఫైట్ మీద ఒక పలుచని పొర ఉంటుంది, అది మందం అయ్యేకొద్దీ సెల్‌లోని లిథియం అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్న లిథియం మళ్లీ పనికిరాదు. వేడి పెరిగితే ఈ రెండూ జోరందుకుంటాయి. ఆ చర్యల్లో పుట్టే వాయువే సెల్‌ని ఉబ్బిస్తుంది. అంటే నిండుగా ఉండటం ఒక దెబ్బ, వేడి ఒక దెబ్బ, రెండూ కలిసి గంటల తరబడి ఉంటే సెల్‌కి కోలుకునే అవకాశమే ఉండదు. ఫోన్ చుట్టూ ఉన్న వేడి 35 డిగ్రీలు దాటితేనే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ కూడా తన వినియోగదారులకి చెబుతోంది.

రూటర్ ఒక్కటే కాదు. సెట్‌టాప్ బాక్స్ పైన, ల్యాప్‌టాప్ గాలి వదిలే పక్కన, ఎండ పడే కిటికీ గట్టు మీద, దిండు కింద, సోఫా సందులో, అన్నీ ఒకటే. కారు డ్యాష్‌బోర్డు వీటన్నిటికంటే ఘోరం. పైన ఎండ, స్క్రీన్ పూర్తి వెలుతురులో, జీపీఎస్ నడుస్తూ, ఛార్జింగ్ ఎక్కుతూ ఉంటుంది. ఏసీ గాలి తగిలే చోటికి స్టాండ్ మార్చుకోండి. వైర్‌లెస్ ప్యాడ్ వాడేవాళ్లు ఫోన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టాలి. కాయిల్ పక్కకి జరిగితే కరెంటు సెల్‌లోకి వెళ్లే బదులు వేడిగా మారుతుంది, పొద్దునకి 100 అయితే అవుతుంది కానీ రాత్రంతా సెల్ కాగుతూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో పెట్టి గేమ్ ఆడటం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కొన్ని ఫోన్లలో గేమ్ ఆడేటప్పుడు బ్యాటరీని పక్కన పెట్టి ఛార్జర్ కరెంటుతోనే ఫోన్ నడిచే ఆప్షన్ ఉంటుంది, మీ ఫోన్‌లో ఉంటే తప్పకుండా వాడండి.

పరీక్ష ఇలా చెయ్యండి. మీరు రోజూ పెట్టే చోటే, రోజూ పెట్టే కవర్‌తోనే ఛార్జింగ్ పెట్టండి. అరగంట తర్వాత కవర్ తీసి, వెనక అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు, ఫాస్ట్ ఛార్జింగ్ మొదట్లో కాస్త వేడెక్కడం మామూలే. ఇక అసలైన పరీక్ష పొద్దున, ప్లగ్ తీసేముందు. 100 నిండి గంటలు గడిచాక ఫోన్ చల్లగా ఉండాలి. అప్పటికీ వెచ్చగా ఉంటే చోటు బాగాలేదు, లేదా కవర్ బాగాలేదు. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ వివరాలు చూపించే యాప్ ఏదైనా వేసుకుంటే డిగ్రీలు అంకెల్లోనే కనిపిస్తాయి. 35 లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి. కాసేపు 40 తాకి దిగితే కంగారు లేదు, రోజూ గంటల తరబడి 40 మీదే ఉంటే చోటు మార్చండి.

ఆయన ఫోన్ ఆ రూటర్ నుంచి బారెడు దూరంలో ఉన్న ఖాళీ బల్ల మీదికి మారింది. రోజంతా ప్లగ్‌లో ఉండే ఫోన్ కాబట్టి 80 లిమిట్ పెట్టించాను. మూడో బ్యాటరీ రెండేళ్లు దాటింది, మూత లేవలేదు.

శాతాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 80 లిమిట్ ఉంటే పెట్టుకోండి, ప్రయాణం రోజు తీసేసి 100 చేసుకోండి. మధ్యమధ్యలో కొంచెం కొంచెం ఎక్కించుకుంటే నష్టం లేదు. మొత్తం 100 శాతం వాడితే దాన్ని ఒక సైకిల్ అంటారు, రెండుసార్లు 50 చొప్పున ఎక్కిస్తే అది ఒక్క సైకిలే. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లకి, 15 నుంచి 1000 సైకిళ్లకి సామర్థ్యం 80 శాతం మిగిలేలా తయారు చేశామని ఆపిల్ చెబుతుంది, ఆ లెక్క మామూలు వాడకం మీద. పూర్తిగా దించి నింపాలన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది, లిథియం అయాన్‌కి అది మేలు చెయ్యకపోగా హాని చేస్తుంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టేవాళ్లకి పాత 10 వాట్ల ఛార్జర్ ఉంటే అది చాలు. ఆరేడు గంటల సమయం ఉన్నప్పుడు 67 వాట్ల వేగంతో పనేముంది?

"30 శాతం ఉండగానే ఆఫ్ అయిపోతోంది"

సెల్ లోపలి నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, పెరిగింది. కెమెరా ఫ్లాష్ లాంటిది ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజి కుప్పకూలి ఫోన్ ఆగిపోతుంది. చలిలో ఇది ఇంకా ఎక్కువ. ఒకసారి 100 దాకా నింపి, మామూలుగా వాడుతూ ఆఫ్ అయ్యేదాకా దించి, మళ్లీ నింపితే శాతం చూపించే లెక్క సరిపడి బాగుపడటానికి కాస్త అవకాశం ఉంది. ఆ పని ఒక్కసారే చెయ్యండి. మళ్లీ ఆఫ్ అయితే బ్యాటరీ మార్చడమే.

"వెనక మూత లేస్తోంది, స్క్రీన్ అంచు పైకొచ్చింది"

వెంటనే ప్లగ్ తీసేయండి, ఫోన్ ఆఫ్ చెయ్యండి. మూతని నొక్కి మళ్లీ అంటించే ప్రయత్నం చెయ్యొద్దు, సూదితో గాలి తీయడం లాంటి ఆలోచన అసలే వద్దు. ఉబ్బిన సెల్‌కి కన్నం పడితే మంట రావచ్చు. మంట అంటుకునే వస్తువులకి దూరంగా పెట్టి, మార్చడం వచ్చినవాళ్లకి ఇవ్వండి. పాత సెల్‌ని చెత్తబుట్టలో వెయ్యకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

ఇక మిగిలినవి

నీళ్లు దిగడం, ఛార్జింగ్‌ని నడిపే చిప్ (ఛార్జింగ్ ఐసీ) పోవడం, బోర్డు మీద షార్ట్ కూడా ఉంటాయి కానీ అరుదు. కేబుల్, పోర్టు, వేడి చూడకుండా వాటి జోలికి వెళ్లొద్దు. వాడకుండా దాచే ఫోన్‌ని సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి చల్లటి చోట పెట్టి, ఆరు నెలలకోసారి మళ్లీ సగానికి ఎక్కించండి. సున్నా డిగ్రీల కంటే చల్లబడిన ఫోన్‌ని గది వేడికి వచ్చేదాకా ఛార్జింగ్ పెట్టకండి.

ఇవన్నీ చూశాక కూడా సమస్య అలాగే ఉంటే రిపేరుకి తీసుకెళ్లండి. ఫోన్ ఒక్కటే కాకుండా మీ ఛార్జర్, మీ కేబుల్, రోజూ వేసే కవర్ కూడా పట్టుకెళ్లండి. రిపేరు చేసేవాళ్లు అడగకపోయినా రోజూ ఎక్కడ పెట్టి ఛార్జ్ చేస్తారో మీరే చెప్పండి.