పంద్రాగస్టు నాడు మన ఊళ్లె ఏ జెండా ఎగిరింది?

నా సర్వీసులో సగానికి పైగా జనగామ చుట్టుపక్కల జెడ్పీ హైస్కూళ్లలోనే గడిచింది. కొత్తగా చేరిన సోషల్ టీచర్లు ఫోన్ చేసి, "సార్, జాతీయోద్యమం యూనిట్ తీస్తే పిల్లలు ఆవులిస్తున్నరు, ఎట్ల చెప్పాలె?" అని అడుగుతుంటారు. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. ఇది తెలంగాణలో పనిచేసే పద్ధతి. చీరాలలోనో చింతపల్లిలోనో చెప్పేవాళ్లు తమ ఊరి కథ వెతుక్కోవాలి. వాళ్లకు దొరకడం కష్టమేం కాదు.

పాఠం మొదలుపెట్టే ముందు రోజు, చివరి ఐదు నిమిషాల్లో బోర్డు మీద ఒక్క ప్రశ్న రాయండి: "1947 ఆగస్టు 15 నాడు మన ఊళ్లె ఏ జెండా ఎగిరింది?" క్లాసంతా "మూడు రంగుల జెండా సార్!" అని అరుస్తుంది. మీరు అవునని అనొద్దు, కాదని అనొద్దు. "ఇంటికి పోయి అడిగి రండి" అని చెప్పి బయటికొచ్చేయండి. తెల్లారి ముగ్గురో నలుగురో మొహాలు వేరేగా పెట్టుకొని వస్తారు. "మా తాత నవ్విండు సార్, గప్పుడు మనది ఇండియానే కాదంట" అన్నాడు ఒక పిల్లగాడు, నామీద కేసు పెట్టేటట్టు చూస్తూ. ఎనిమిదేళ్లుగా వాడికి చెప్పిన ఆగస్టు 15 ప్రసంగాలన్నీ అబద్ధమా అన్నది వాడి అనుమానం. ఆ అనుమానం పుట్టాకే పాఠం మొదలుపెట్టాలి.

అప్పుడు చెప్పండి. ఆ రోజు మన ఊరున్న, నిజాం ఏలుతున్న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో లేదు. పదహారు జిల్లాల సంస్థానం అది: ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. భారత జెండా ఎగరేస్తే జైలే. ఆ ఆగస్టు 15నే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. నవంబర్ 29న నిజాం ఢిల్లీతో యథాతథ ఒప్పందం (ఉన్న సంబంధాలు ఉన్నట్టే నడవాలన్నది) చేసుకున్నాడు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. పదమూడు నెలల తేడా. ఈ తేడా దగ్గర నిలబడితే పుస్తకంలోని ఢిల్లీ, మన ఊరు రెండూ కనపడతాయి.

రెండో పని, ముసలోళ్లను అడగడం. దీన్ని వాయిదా వేయొద్దు. 1948లో పదేండ్లున్న మనిషికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. నేను మొదలుపెట్టినప్పుడు ఊరికి పది మంది దొరికేవాళ్లు, పోయినేడు ఇద్దరే దొరికారు.

పిల్లలను ఇద్దరిద్దరిగా పంపండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. "స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మీకెట్ల అనిపించింది?" లాంటి టీవీ ప్రశ్నలు వద్దు. దానికి "మంచిగనే అనిపించింది బిడ్డా" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. గప్పుడు పొద్దున ఏం తినేది? లెవీ ధాన్యం (సర్కారుకు తప్పక ఇయ్యాల్సిన వాటా) ఎవరొచ్చి కొలుచుకపొయ్యేది? రాత్రి పూట ఎక్కడ దాక్కునేది? గడి (దొర బంగళా) ముంగట నుంచి చెప్పులేసుకొని నడిచేదా? ఇట్లాంటివి అడగమనండి. సంవత్సరం అడగొద్దు, వాళ్లకు గుర్తుండదు. "రజాకార్ల జమాన్ల నేను మ్యాకలు కాస్తుండె" అంటే చాలు, వయసు మనమే లెక్కగట్టొచ్చు (రజాకార్లంటే నిజాం పక్షాన దాడులు చేసిన సాయుధ దళం). ముసలాయన తారీఖు తప్పు చెప్తే అక్కడ దిద్దొద్దు. ఫోన్‌లో రికార్డు చేయాలంటే అడిగే చేయాలి.

వాళ్ల మాట వాళ్ల మాటలాగే రాయించాలి, ఇది పట్టుబట్టి చేయించండి. ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో "మా అమ్మమ్మ గారి తల్లి వెట్టిచాకిరీకి గురయ్యెను" అని రాసుకొచ్చింది. ఆమె ఏమందో ఆమె మాటల్లోనే చెప్పమంటే తల దించుకొని చెప్పింది: "దొరసాని బిడ్డకు మా అమ్మ పాలిచ్చేది, నాకు గంజి పోసేది అన్నది సార్." బోర్డు మీద 'వెట్టి' అన్న మాటకు అర్థం రాయాల్సిన పని ఆ రోజు నాకు పడలేదు.

కానీ ఒక జాగ్రత్త. ఊళ్లో దొర తరఫు వాళ్ల మనవడు, వెట్టి చేసినోళ్ల మనవరాలు ఒకే బెంచి మీద కూర్చుంటారు. ఎవరి తాత ఎవరి దగ్గర పనిచేసిండో పేర్లతో క్లాసులో చదివించొద్దు. రాసింది నాకిస్తారు, పేర్లు తీసేసి నేనే చదువుతా. పంట కోసం దొరకు ఎదురు నిలిచిన పాలకుర్తి అయిలమ్మ, కడవెండిలో 1946 జులై 4న కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్య, ఈ పేర్లు చరిత్రకెక్కినవి కాబట్టి నిస్సంకోచంగా చెప్పండి. మా వైపు వాళ్లకైతే ఆ ఊళ్లు బస్సు బోర్డు మీద రోజూ కనపడే పేర్లే.

ఇండ్లల్లో ట్రంకుపెట్టె అడుగున పాత భూమి కాగితాలుంటాయి. అసలు తేవొద్దనండి, ఫొటో చాలు. ఉర్దూ చదివేవాళ్లు ఊళ్లో ఒకరైనా ఉంటారు, వాళ్లను ఒక పీరియడ్‌కు పిలవండి. కాగితం మీద ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు వాడిన ఏడాది లెక్క) ఉంటే దానికి 590 కలిపి ఏ ఏడాదో చూసుకోమనండి (నెలను బట్టి 591 కలపాల్సి రావొచ్చు). చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా (నిజాం నాణెం) ఎవరింట్లోనైనా దొరికితే ఇంకా మంచిది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు. మారకం లెక్కలు పిల్లలే చేస్తారు, లెక్కల సారు కూడా సంతోషపడతాడు.

ఇప్పుడు తాళ్లు. రెండు సుతిలి తాళ్లు క్లాసు గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు కట్టండి, ఒకటి పైన, ఒకటి కింద. ఏడాదికి జానెడు చొప్పున 1938 నుంచి 1956 దాకా గుర్తులు పెట్టండి. పైతాడు ఢిల్లీ, కిందితాడు హైదరాబాద్. పోస్ట్‌కార్డు సైజు అట్టముక్కలు, బట్టల క్లిప్పులు చాలు. పైన క్విట్ ఇండియా, ఆగస్టు 15, రాజ్యాంగం. కింద 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను గెంటేయడం (పి.వి. నరసింహారావు నాగపూర్ పోయి చదువుకున్నది అందుకే), కడవెండి, యథాతథ ఒప్పందం, సెప్టెంబర్ 17, 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం విరమణ. తాత అవ్వ చెప్పిన ముచ్చట్లు కూడా చిన్న చీటీల మీద కింది తాడుకే తగిలించాలి. అన్నిటికంటే ఎక్కువ నవ్వులు వచ్చేది 1950 జనవరి 26 దగ్గర. ఎవరి మీదికి సైన్యాన్ని పంపారో ఆ నిజాంనే రాజప్రముఖ్‌గా (గవర్నర్ లాంటి పదవిలో) కూర్చోబెట్టారు. "అదేంది సార్?" అంటారు. బాగుంది, అదేందో కనుక్కోమనండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఏడాది రజాకార్ల మీద నాటిక వేయించాను. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ వేషం ఎవరేస్తరు అంటే పిల్లలంతా ఒకేసారి క్లాసులో ఉన్న ముస్లిం పిల్లగాని వైపు తిరిగారు. వాడు నవ్వుతూనే లేచి నిలబడ్డాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. నాటిక ఆపేశాను, మళ్లీ ఎన్నడూ వేయించలేదు. ఈ పాఠానికి వేషాలు వద్దు.

దాని బదులు నేనిప్పుడు మూడు సంగతులు పక్కపక్కన పెడతా. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు భైరాన్‌పల్లి ఊరి మీద పడి చేసిన మారణకాండ. అదే నెలలో, భారత్‌లో కలవాలని రాసినందుకు హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఆ తర్వాత, సైనిక చర్య వెంట ముస్లింల మీద జరిగిన హింస: ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. మూడూ చెప్పాలి. ఒకటి చెప్పి రెండు మింగితే అది పాఠం కాదు, మీటింగ్. భైరాన్‌పల్లి బురుజు దగ్గరికి వీలైతే పిల్లలను తీసుకుపోండి. మృతుల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా రాశారెందుకని వాళ్లే అడుగుతారు.

సెప్టెంబర్ 17ను ఏమనాలి? కేంద్రం విమోచన దినమంటుంది. రాష్ట్రంలో ఒక ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, తర్వాతిది ప్రజాపాలన దినోత్సవమంది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు చేస్తారు. ఊళ్లో ముసలోళ్లనడిగితే "పోలీస్ యాక్షన్" (ఆ సైనిక చర్యకు అప్పటి పేరు) అంటారు, అంతే. ఆ పేర్లన్నీ బోర్డు మీద రాసి, ఏ పేరు పెడితే ఎవరు కథానాయకులవుతారో, ఎవరు కనపడకుండా పోతారో రాయమనండి. సార్ ఏమంటడు అని అడుగుతారు. నేను చెప్పను. టీచర్ నోట్లోంచి ఒక పేరు వచ్చిందంటే అది పరీక్షలో జవాబైపోతుంది.

పరీక్ష సంగతంటారా, ఇదంతా ఏడు పీరియడ్లు. బిట్లు బట్టీ పట్టించే పీరియడ్లలోంచి తీసుకున్నా. తాళ్లకు క్లిప్పు పెట్టిన తారీఖు మళ్లీ బట్టీ పట్టాల్సిన పని లేదు.

చివరి పీరియడ్‌లో ఒక ముక్క దారం ఇచ్చి, "పైతాడు, కిందితాడు ఎక్కడ కలిసినయో అక్కడ ముడి వేయండి" అంటా. ఎక్కువ మంది 1948 దగ్గరికి పోతారు. రాజ్యాంగం వచ్చినంకనే కదా అని కొందరు 1950 అంటారు. పోయినేడు వెనక బెంచి అమ్మాయి ఒకతి, "ఓటేసినంకనే సార్" అని 1952 దగ్గర పట్టుబట్టింది. ఆ ఎన్నికల్లో నల్గొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయని అప్పుడు చెప్పాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ 1956 అన్నవాళ్లూ ఉన్నారు. బెల్లు కొట్టేటప్పటికి గోడ మీద నాలుగు ముడులున్నాయి. విప్పకుండా అట్లే ఉంచాను.