ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోటు వెతకండి: పేరున్నవాళ్ల పనిని చదివే పద్ధతి

ఎవరి ఫొటో చదివినా మొదట తేల్చాల్సింది కెమెరా ఎక్కడుంది, నేలకు ఎంత ఎత్తున ఉంది అన్న సంగతి. లెన్స్, ఫిల్మ్, రంగులు ఆ తర్వాత. నిలబడ్డ చోటు నాలుగడుగులు మారితే చాలు, దగ్గరి వస్తువులూ దూరపు వస్తువులూ ఒకదాని పక్కన ఒకటి అమరే తీరంతా మారిపోతుంది. తర్వాత ఎంత ఎడిటింగ్ చేసినా అది తిరిగి రాదు. ఈ విద్య నేర్చుకోవడానికి హైదరాబాద్ వాళ్లకు రాజా దీన్‌దయాళ్ కన్నా మంచి గురువు లేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఆయన కెమెరాకెక్కించిన కట్టడాల్లో చాలావి ఇంకా నిలిచే ఉన్నాయి. ప్రింటు చేతిలో పట్టుకుని అక్కడికే వెళ్లి సరిచూసుకోవచ్చు.

ఒకసారికి ఒక్కరినే పట్టుకోండి. పదిమందివి తలా ఒక ఫొటో చూస్తే పది ఫొటోలు గుర్తుంటాయి కానీ ఎవరి అలవాటూ పట్టుబడదు. ఒక్కరివే 25, 30 ఫొటోలు పోగుచేయండి. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పాత ఫొటోగ్రఫీ పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. నెట్‌లో తీసుకునేటట్టయితే మ్యూజియం పెట్టిన కాపీనే తీసుకోండి. చేతులు మారిన కాపీల్లో అంచులు కోసేసి, కాంట్రాస్ట్ పెంచేసి ఉంటారు. అంచు పోయిందంటే ఫ్రేమ్ గురించి మీరు రాసుకునేదంతా తప్పే. ఏ4 కాగితం మీద నాలుగేసి చొప్పున మామూలు జెరాక్స్ షాపులో ప్రింటు తీయించినా సరిపోతుంది. ముక్కలుగా కోసి నేలమీద పరిచి, ముందు కెమెరా ఎత్తును బట్టి, తర్వాత వెలుగు వచ్చిన దిక్కును బట్టి కుప్పలు పెట్టండి. ఏ కుప్ప పెద్దదైతే అదే ఆయన అలవాటు.

ఇప్పుడు ఒక్క ఫొటో మీద కూర్చోండి. చార్మినార్‌ను ఉత్తరం వైపు నుంచి, అంటే గుల్జార్ హౌజ్ దిక్కు నుంచి తీసిన పాత ఫొటో ఒకటి తీసుకున్నారనుకుందాం. చార్మినార్ మీది గడియారాలు 1889లో పెట్టినవి. అవి లేకపోతే ఫొటో అంతకు ముందుది. ఇక ఎండ. నాలుగు ముఖాలూ సరిగ్గా నాలుగు దిక్కులకు ఉన్నాయి కాబట్టి మీకు కనబడేది ఉత్తర ముఖం. దానిమీద నేరుగా ఎండ పడుతోందంటే ఫొటో మార్చి చివరికీ సెప్టెంబరు చివరికీ మధ్య తీసిందే. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికే ఉంటాడు, ఆ ముఖం నీడ వదలదు. మీరు దక్షిణానికి తిరిగి ఉన్నారు కనుక ఎడమచేతి వైపు తూర్పు. నీడలు కుడికి వాలితే ఉదయం, ఎడమకు వాలితే సాయంత్రం. ఇంత తేల్చుకోకుండా డిసెంబరులో వెళ్లి ఆ వెలుగు రాలేదని బాధపడితే లాభం లేదు.

చోటు కనిపెట్టడానికి స్కేలు చాలు. ప్రింటులో దగ్గరగా ఉన్నదొకటి, దూరంగా ఉన్నదొకటి ఎంచుకుని కొలవండి. దగ్గరి కమాను వెడల్పు 90 మిల్లీమీటర్లు, దూరపు మినార్ ఎత్తు 60 అనుకుంటే నిష్పత్తి 1.5. అక్కడికెళ్లి ఫోన్‌లో తీసి, స్క్రీన్ మీద అవే కొలవండి. కమాను 70, మినార్ 40 వస్తే 1.75. అంటే కమానుకు మరీ దగ్గరగా ఉన్నారు, వెనక్కి జరగాలి. 1.5 కన్నా తక్కువొస్తే ముందుకు జరగాలి. జూమ్ ఎంతున్నా ఈ నిష్పత్తి మారదు, అందుకే పాత లెన్స్ ఏదో తెలియకపోయినా పద్ధతి పనిచేస్తుంది. ముందూవెనకా కుదిరాక ఎడమాకుడీ చూసుకోండి: కమాను అంచు దూరపు గోడను ఏ కిటికీ దగ్గర తాకుతోందో, మీ ఫ్రేమ్‌లోనూ అక్కడే తాకాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఫోన్‌ను పైకి వంచడం. మినార్లు లోపలికి వాలిపోతాయి. ఆనాటి పెద్ద కెమెరాల్లో లెన్స్ ఉన్న పలకను పైకి జరిపే ఏర్పాటు ఉండేది, కెమెరా వంచకుండానే కట్టడం పైభాగం అందేది. మీరు ఫోన్‌ను నిటారుగా పట్టుకుని, గ్రిడ్ గీతలు ఆన్ చేసి, 0.5 లెన్స్‌తో (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్) తీసి కింది భాగం కోసేయండి. జనం రాకముందే తెల్లవారుజామున వెళ్లడం మేలు. కట్టడం లోపల ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి.

తర్వాత వెలుగునీడల సంగతి. ఆనాటి గాజు ప్లేట్లకు నీలం బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందుకే ఆకాశం తెల్లకాగితంలా, ఎర్ర బట్ట నల్లగా, ముఖాలు అసలుకన్నా ముదురుగా కనిపిస్తాయి. దీన్ని మీ ఫొటోలో చూడాలంటే స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్‌కు వెళ్లి కలర్ ఫిల్టర్ నీలం పెట్టండి. ముఖాల మీద మరకల్లాంటి గరుకుదనం వస్తే వెలుగు చాలలేదన్నమాట. ఫోన్ సెన్సర్‌లో నాయిస్ ఎక్కువగా బయటపడేది నీలంలోనే. మంచి ఎండలో, తక్కువ ఐఎస్ఓలో (అంటే సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి తగ్గించి) మళ్లీ తీయండి. సెపియా పూత జోలికి మాత్రం పోవద్దు. ఆ గోధుమ వన్నె గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితానిది, చూపుది కాదు.

కట్టడాలతో చేయి కుదిరాక కదిలే మనుషుల దగ్గరికి రండి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ పట్టణంలో తీసిన ఫొటో తెచ్చుకోండి. మెట్ల పైనుంచి కిందికి చూస్తున్నాం. మెలితిరిగిన మెట్లు, ఇనుప కటకటాలు స్పష్టంగా ఉన్నాయి, కింద వీధిలో వెళ్తున్న సైకిల్ చెదిరింది. దానిమీద ట్రేసింగ్ పేపర్ పెట్టి ఏడెనిమిది గీతలకు మించకుండా గీయండి. వంపులన్నీ సైకిలున్న ఖాళీ వైపు కన్నును తోసుకెళ్తాయి. చోటు ముందే సిద్ధంగా ఉంది, మనిషి వచ్చి అందులో పడ్డాడు.

మన దగ్గర ఏ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద నుంచైనా ఇది సాధన చేయొచ్చు. ఆయన ఎక్కువగా వాడింది 50 ఎంఎం లెన్స్. చాలా ఫోన్లలో 2ఎక్స్ దాదాపు అంతే. కెమెరా అయితే నీడ పట్టున ఐఎస్ఓ 100, ఆపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11, షట్టర్ 1/30 సెకనుతో మొదలుపెట్టండి. ఫోకస్ మెట్ల మీద పెట్టి మాన్యువల్‌కు మార్చేయండి, లేకపోతే దాటిపోయే ప్రతి బండి వెంటా పరుగెడుతుంది. మెట్లు కూడా చెదిరితే చేయి వణికింది, మోచేతులు రెయిలింగ్‌కు ఆనించండి. సైకిల్ బొత్తిగా కరిగిపోతే 1/60కి వెళ్లండి. ఫోన్ లెన్స్‌లో ఆపర్చర్ మూయలేం కాబట్టి పగటి వెలుగులో 1/30 పెడితే అంతా తెల్లబడిపోతుంది, పొద్దుగూకాక తీయండి. మంచి ఖాళీ దొరికాక కనీసం అరగంట కదలొద్దు. ఈ సాధనలో అసలు కష్టం అదే.

రంగు కోసం మన దేశపు రంగుల ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్‌ను చదవండి. అంబాసిడర్ కారు తలుపులు, అద్దాలే ఫ్రేమ్‌లుగా ఆయన తీసిన వరుస గొప్ప పాఠం. ఆటోలో కూర్చుని డ్రైవర్ అద్దం, పక్క కమ్మీలు, వీధి మూడూ ఒకే ఫ్రేమ్‌లో కలిసేలా ప్రయత్నించండి. బయటి వెలుగుకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు మోతాదు) లాక్ చేస్తే లోపలి అంచులు నల్లగా నిలబడతాయి.

ఏ సాధన చేసినా నచ్చని ఫ్రేమ్‌లు డిలీట్ చేయకండి. 36 ఫ్రేమ్‌లు ఒకే కాగితం మీద కాంటాక్ట్ షీట్‌లా, అంటే చిన్నచిన్నగా వరసగా, ప్రింటు తీసి, ఎక్కడ జరిగారో, ఎక్కడ తొందరపడ్డారో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

రెండోవారి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తేల్చే పరీక్ష ఒకటుంది. దీన్‌దయాళ్‌వి పది, అంతకు ముందు 1860ల్లో మన దేశంలో పనిచేసిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్‌వి పది, మీరు ఇంతవరకు చూడనివి, పేర్లు కనబడకుండా కలిపి ఇమ్మని స్నేహితులకు చెప్పండి. విడదీసి, ప్రతిదానికీ కారణం ఒక వాక్యంలో రాయండి. కారణాల్లో కెమెరా ఎత్తు, ముందుభాగంలో వదిలిన నేల, మనుషుల్ని నిలబెట్టిన దూరం వస్తున్నాయంటే చదువు సాగుతున్నట్టే. కట్టడం పేరో ఊరి పేరో గుర్తుపట్టి చెప్పినవి లెక్కలోంచి తీసేసి, మిగతావాటిలో తప్పినవాటితో ఇంకో కుప్ప పెట్టుకోండి.