పద్యం అర్థమైనా రాయబోతే పెన్ను ఎందుకు ఆగుతుంది? సాహిత్య విమర్శలో మొదటి మెట్టు దగ్గర సమస్యలు - పరిష్కారాలు

డిగ్రీ విద్యార్థుల తెలుగు అసైన్‌మెంట్లు దిద్దుతుంటే ఒకే రకం ఇబ్బందులు మళ్లీ మళ్లీ కనబడతాయి. రాసినవాళ్లకు తెలివి లేక కాదు. ఒక సినిమా గురించి మాట్లాడమంటే ఇంటర్వెల్ ఎందుకు పండిందో, సెకండాఫ్ ఎక్కడ జారిపోయిందో సీను సీనుగా చెప్పగలరు. అదే నాలుగు పాదాల పద్యం ముందు పెట్టి రాయమంటే పెన్ను కదలదు. హనుమకొండలో పాఠం చెబుతూ నేను ఎక్కువగా చూసిన ఇబ్బందులను, వాటి వెనకున్న కారణాలను, పనిచేసిన మార్గాలను ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే మొదటిదే పెద్దది. అది సర్దుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే తేలికవుతాయి.

సమస్య: ‘విశ్లేషించండి’ అంటే మూడు పేజీలు నిండాయి, కానీ అంతా తాత్పర్యమే

దీనికి కారణం మన చదువు సాగిన తీరులోనే ఉంది. పదో తరగతి దాకా ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భం రాయడం నేర్చుకున్నాం. అవి చెడ్డవి కావు. అర్థం తెలియకుండా విమర్శ లేదు. అయితే ‘కవి ఏం చెప్పాడు’ అన్న దగ్గరే మన చేయి ఆగిపోవడం అలవాటైంది. కాలేజీలో అడిగేది దాని తర్వాతి ప్రశ్న: ఎట్లా చెప్పాడు, అట్లా చెప్పడం వల్ల చదివేవాడికి ఏమైంది?

పరిష్కారం చేసి చూపిస్తేనే తెలుస్తుంది. పోతన మన బమ్మెరవాడు కాబట్టి ఆయన భాగవతం ఎనిమిదో స్కంధంలోని వామన చరిత్ర నుంచే, అందరికీ నోటికి వచ్చిన పద్యం తీసుకుందాం:

ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దానింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై

తాత్పర్యం రాసేవాళ్లు ఇట్లా రాస్తారు: ‘వామనుడు క్రమంగా పెరిగి ఆకాశాన్ని, మేఘాలను, చంద్రుణ్ణి, ధ్రువుణ్ణి దాటి సత్యలోకం పైదాకా వ్యాపించాడు.’ తప్పేం లేదు. కానీ పద్యం చదవకుండా, చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన కథ విన్నా ఈ వాక్యం రాయొచ్చు. మీ జవాబులో ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. పద్యం చూడకుండా, కథ మాత్రమే తెలిసినా రాయగలిగిన వాక్యమైతే అది ఇంకా విమర్శ కాదు. అట్లాంటివి ఒకటి రెండు ఉంచుకుని మిగతావి కొట్టేయండి.

ఇప్పుడు పద్యాన్ని పైకి, నెమ్మదిగా, రెండు మూడు సార్లు చదవండి. పెన్సిల్ పట్టుకుని, మళ్లీ మళ్లీ వచ్చే మాట కింద గీత గీయండి. మొదట్లో ‘ఇంత’, ‘ఇంత’, ‘ఇంత’. ఆకాశవీథి దాటగానే ‘అంత’, ‘అంత’, ‘అంత’. దగ్గర ఉన్నదాన్ని చేత్తో చూపిస్తూ ‘ఇంత’ అంటాం, దూరంగా ఉన్నదాన్ని ‘అంత’ అంటాం. అంటే ఈ పద్యం చెప్పే మనిషి నేలమీద నిలబడి, తల ఎత్తుతూ చూస్తున్నాడు. పెరుగుతున్నది వామనుడైతే, దూరం పెరుగుతున్నది మన కంటికి.

పాదాల చివర చూడండి. మొదటి మూడు పాదాలూ ‘పై’ అన్న చోట ఆగుతాయి, ‘నంతై’ అనే మాట కింది పాదంలో పడుతుంది. పాదం చివర ఊపిరి తీసుకుందామన్నా కుదరదు, తర్వాతి పాదంలోకి పోవాల్సిందే. ‘అది ప్రాస కోసం వచ్చింది, అంతే కదా సార్’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మంచి ప్రశ్న. ప్రాసకు కావలసింది రెండో అక్షరం తకారం కావడం, దాని ముందు సున్న ఉండడం. ‘వంత’, ‘చింత’, ‘కాంత’ లాంటి మాటలతో కూడా ఆ నియమం తీరుతుంది. ఒకే మాటను పాదం తర్వాత పాదం మొదట్లో నిలబెట్టమని ఛందస్సు అడగలేదు. అది కవి ఎంచుకున్నది.

ఇంకొకటి. ఈ నాలుగు పాదాల్లో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఎక్కడుందో వెతకండి. లేదు. ఇంతై, అంతై, అగుచు, సంవర్ధియై... అన్నీ అసమాపకాలే. పద్యం అయిపోయింది, వాక్యం మాత్రం ముగియలేదు. పెరగడం ఆగలేదని వేరే చెప్పనక్కర లేకుండా వ్యాకరణమే ఆ పని చేసింది.

ఇంత చూశాక ఒక మాట అనగలం: ‘ఈ పద్యం వామనుడి పరిమాణాన్ని కొలిచి చెప్పదు. ఆ పెరుగుదలను కింద నిలబడి చూస్తున్నవాడి అనుభవంగా చెబుతుంది.’ ఇది ఒక వాదం. దీనికి ఆధారాలు మన చేతిలో ఉన్నాయి. పక్కనే ‘రవిబింబం’ అని మొదలయ్యే పద్యం కూడా తీసి చూడండి. అక్కడ సూర్యుడు మొదట గొడుగు, ఆపైన తలమీది రత్నం, చెవికి నగ, మెడలో హారం, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. మొదటి పద్యంలో చూపు పైకి పోతే, ఇందులో సూర్యుడు తలమీది నుంచి పాదాల దాకా దిగుతాడు. ఒకే పెరుగుదలను పోతన రెండు దిక్కుల నుంచి చూపించాడు. ఈ రెండింటినీ పోల్చి ఒక పేరా రాసిన విద్యార్థికి ఇక తాత్పర్యంతో పేజీ నింపాల్సిన అవసరం రాదు.

సమస్య: ప్రతి వాక్యంలో ‘అద్భుతంగా’, ‘హృద్యంగా’, ‘రమణీయంగా’

కారణం భక్తి కొంత, భయం కొంత. మహాకవిని మెచ్చుకోకపోతే మార్కులు పోతాయని లోపల ఒక టెన్షన్. పోతన, కాళోజీ మనవాళ్లు కావడంతో మనకు ఇక్కడ అది ఇంకొంచెం ఎక్కువ. ఆ అభిమానాన్ని వదులుకోమని నేను అనను, అది ఉంటేనే పద్యం దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాం. అయితే ‘అద్భుతంగా వర్ణించాడు’ అన్న మాట ఏ పద్యానికైనా అతుకుతుంది.

మెచ్చుకోలు కనబడిన ప్రతిచోటా మార్జిన్‌లో ‘ఎట్లా?’ అని రాసుకోండి. జవాబు దొరికితే విశేషణం తీసేసి ఆ జవాబును రాయండి. దొరకకపోతే మళ్లీ పద్యం దగ్గరికి పోవాలి, వేరే దారి లేదు.

సమస్య: మొదటి పేజీ అంతా కవి పరిచయం

‘కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబర్ 9న జన్మించారు, 1992లో పద్మవిభూషణ్ అందుకున్నారు...’ కవిత దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోతుంది. గైడ్లలో జవాబులు ఈ వరసలోనే ఉంటాయి, చేతికి అదే అలవాటు. పైగా తేదీలు రాస్తే తప్పు పోదన్న ధైర్యం.

కవి జీవితం నుంచి ఒక్క విషయం తీసుకోండి, అదీ కవితలో ఏదో ఒక పాదాన్ని తెరిచేదైతేనే. కాళోజీ జీవితాంతం జనం మాట్లాడే భాష కోసం నిలబడ్డారు. ఆయన పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది అందుకే. ఈ విషయం చెప్పి, వెంటనే కవితలో ఇంట్లో మాట్లాడే మాట ఎక్కడ పడిందో, అదే చోట పుస్తకాల మాట పెడితే ఏం పోతుందో చూపిస్తే పరిచయం పనికొచ్చినట్టే. పద్మవిభూషణ్ గురించిన వాక్యం ఆ పని చేయదు కాబట్టి వదిలేయొచ్చు.

సమస్య: ‘ఈ నవలలో కథే లేదు సార్, ఏం రాయాలి?’

మా ప్రాంతపు రచయిత నవీన్ ‘అంపశయ్య’ ఇచ్చినప్పుడు ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. 1969లో పుస్తకంగా వచ్చిన ఆ నవల ఉస్మానియా క్యాంపస్‌లో ఒక విద్యార్థి గడిపిన ఒక్కరోజు. ఏం జరిగిందని అడిగితే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. సంఘటనల వరసే కథ అనుకుని చదివితే వందల పేజీలు ఎందుకున్నాయో అర్థం కాక మధ్యలో మూసేస్తారు.

ఇట్లాంటి నవలకు ప్రశ్న మార్చాలి. ఏం జరిగింది అని కాదు, ఎవరి తలలో నుంచి చూస్తున్నాం అని. ఒక పేజీ ఎంచుకుని బయట జరుగుతున్న పనిని ఒక రంగుతో, ఆ కుర్రాడి మనసులో నడుస్తున్నదాన్ని ఇంకో రంగుతో గీయండి. ఏ రంగు ఎక్కువుందో, ఏ మాట దగ్గర బయటి నుంచి లోపలికి జారిందో కనబడుతుంది. ఆ జారే చోటు గురించి రాయండి. పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటూ చదివే మన పిల్లలకు ఆ నవలలోని డబ్బు బెంగ, పరీక్షల భయం కొత్తవి కావు. కానీ ‘నాకూ ఇట్లాగే అనిపించింది’ అన్న దగ్గర ఆగకుండా, రచన ఏ పద్ధతితో అట్లా అనిపించిందో పట్టుకోవాలి.

సమస్య: ఉదాహరణలు అసలు ఉండవు, లేదా పేజీ అంతా ఉదాహరణలే

రెంటికీ కారణం ఒకటే. మూలంలోని మాటను సాక్ష్యంగా చూడకపోవడం. అరపాదం చాలు. ముందు మీ మాట, తర్వాత మూలంలోని ముక్క, ఆ వెంటనే ఆ ముక్కలో ఏం చూడాలో చెప్పే వాక్యం. చాలామంది మూడోది మరిచిపోతారు.

సమస్య: గైడులో ఉన్నదో, ఫోన్‌లో దొరికిందో తప్ప సొంత మాట రాదు

చాలాసార్లు అసలు కారణం పుస్తకం చేతిలో లేకపోవడమే. నవల చదవకుండా నవల మీద అభిప్రాయం ఎట్లా వస్తుంది? హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది, జిల్లా గ్రంథాలయం ఉంది, మీ కాలేజీ లైబ్రరీ ఉంది. మాట అర్థం కాకపోతే ‘శబ్దరత్నాకరం’ లాంటి నిఘంటువులు ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

వరస మాత్రం మార్చొద్దు. ముందు మూలం, తర్వాత మీ నోట్సు, ఆ తర్వాతే ఇతరుల విమర్శ. విమర్శ ముందు చదివితే వాళ్లు చూసిందే కనబడుతుంది. చదివాక వాళ్ల మాట వాడుకుంటే వాళ్ల పేరు చెప్పండి, అది ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో ఒక వాక్యం చేర్చండి. ఆ ఒక్క వాక్యంలో మీరు కనబడతారు.

సమస్య: ‘నా అభిప్రాయం తప్పైతే?’

బాగా చదివే పిల్లల్ని కూడా ఆపేది ఈ భయమే. సాహిత్యంలో ఎవరి అభిప్రాయం వాళ్లదే కదా అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. నేను అట్లా చెప్పను. తప్పు అభిప్రాయాలు ఉంటాయి. పైన చూసిన ‘ఇంతింతై’ పద్యం బలి చక్రవర్తి భయాన్ని చూపిస్తుందని రాస్తే తప్పు. ఆ నాలుగు పాదాల్లో బలి లేడు, భయం లేదు. ‘ఆ పద్యంలో పెరుగుతున్నవాణ్ణి విష్ణువు అనకుండా వటుడు (బ్రహ్మచారి కుర్రాడు) అనడం వల్ల ఆశ్చర్యం పెరిగింది’ అని రాస్తే ఒప్పుకోని అధ్యాపకుడు ఉండొచ్చు, కానీ ఆ మాటకు మూలంలో చోటుంది. తప్పుకూ, వాదించదగ్గ మాటకూ తేడా అదే. రాసే ముందు వేలు ఆ మాట మీద పెట్టి చూపించగలరా అని చూసుకోండి. చూపించగలిగితే రాయండి.

సమస్య: నోటితో బాగా చెబుతారు, కాగితం మీద వాక్యం బిగుసుకుపోతుంది

విమర్శ అంటే పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు ఉండాలన్న నమ్మకం దీనికి కారణం. వాక్యం ఆరు లైన్లు సాగి, క్రియ ఎక్కడుందో రాసినవాళ్లకే దొరకదు. రూమ్మేట్‌కు ముందు నోటితో చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి, తర్వాత విని రాయండి. ‘గిట్ల’ను ‘ఇట్లా’ చేసుకుంటే చాలు, మిగతా వాక్యాన్ని కదిలించకండి. రసం, ధ్వని, శిల్పం లాంటి శాస్త్రపు మాటలు అవసరమైన చోట వాడండి, వాడిన చోట అవి ఆ పద్యంలో ఎక్కడున్నాయో చూపించండి.

పరీక్ష హాల్లో ఇదంతా చేసే టైం ఉండదు, నిజమే. పది మార్కుల ప్రశ్నకు మొదటి రెండు మూడు నిమిషాలు రాయకుండా ఉండండి. జవాబు పత్రం చివరి పేజీలో మీ వాదాన్ని ఒక్క వాక్యంగా రాసుకోండి, దాని కింద మూలం నుంచి మూడు ముక్కలు. ఒక్కో ముక్కకు ఒక్కో పేరా. ఆ పేజీని ఒక గీతతో కొట్టేసి, అప్పుడు మొదలుపెట్టండి.