పెద్దయ్యాక సున్తీ అయితే కుట్లు మానేదాకా ఇలా చూసుకోండి

ఫైమోసిస్ (ముందు చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం) అనో, షుగర్ వల్ల ముందు చర్మం పగిలిపోతోందనో పెద్ద వయసులో ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు మన హైదరాబాద్‌లో ఉన్నారు, కానీ సిగ్గుతో ఎవర్నీ అడగరు, అందుకే రాస్తున్నా.

కట్టు డాక్టర్ చెప్పినంతసేపు, మామూలుగా 1-2 రోజులు, తడవనివ్వొద్దు. విప్పేటప్పుడు అంటుకుపోయుంటే లాగకండి ప్లీజ్, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి మెల్లగా తీయండి. తర్వాత రోజూ ఉత్త నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, రాసిచ్చిన ఆయింట్‌మెంట్ పెట్టండి. పసుపు, డెటాల్ అస్సలొద్దు.

మొదటి వారం వాపు, కమిలినట్టు నీలంగా అవడం కామనే. కుట్ల దగ్గర పల్చగా పసుపుపచ్చ పొర వస్తే చీము అనుకుని గీకేయకండి, చెడు వాసన లేకుండా, నొప్పి పెరగకుండా ఉంటే అది మానేటప్పుడు వచ్చేదే. కొంచెం బిగుతుగా ఉండే కాటన్ డ్రాయర్ వేసుకుని అంగాన్ని బొడ్డు వైపుకి పైకి పెట్టుకుంటే వాపు త్వరగా దిగుతుంది. కరిగే కుట్లయితే 2-3 వారాల్లో వాటంతటవే రాలిపోతాయి.

అసలు బాధ తెల్లవారుజామున, నిద్రలో అంగం గట్టిపడి కుట్లు లాగేస్తాయి, వెంటనే లేచి యూరిన్‌కి వెళ్లొచ్చి నాలుగడుగులు నడవండి, తగ్గిపోద్ది.

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఆ గుంతల్లో బైక్ మీద వెళ్లొద్దు, రెండు వారాలు మెట్రో ఎక్కండి. సెక్స్, హస్తప్రయోగం 4-6 వారాలు బంద్, షుగర్ ఉన్నోళ్లకి ఇంకా టైమ్ పట్టొచ్చు.

10 నిమిషాలు నొక్కి పట్టినా రక్తం ఆగకపోతే, జ్వరం గానీ చీము గానీ వస్తే, యూరిన్ రాకపోతే పొద్దున్నే చూద్దాంలే అనుకోకండి, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా ఎమర్జెన్సీ ఉంటుంది, వెళ్లిపోండి.