చిన్న టౌన్ కోర్టులో మంచి జడ్జి అవ్వాలంటే: బెంచి క్లర్కుగా నేను చూసిన సంగతులు

జూనియర్ సివిల్ జడ్జి ఎగ్జామ్ ఎలా కొట్టాలి అంకుల్ అని లా చదివే పిల్లలు అడుగుతుంటారు. ఎగ్జామ్ సంగతి చెప్తాను కానీ నాకు అంతకన్నా ముఖ్యం ఆ సీట్లో కూర్చున్నాక ఏం చేయాలి అనేది, ఎందుకంటే గుంటూరు జిల్లాలో చిన్న టౌన్ కోర్టుల్లో 30 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యా, అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కునే, అంటే డయాస్ కింద కూర్చుని కేసులు పిలిపించి వాయిదాలు రాసుకునే పని. పదిమందికి పైగా అయ్యగార్ల దగ్గర, అంటే జడ్జీల దగ్గర, చేశా. అందరూ చదువుకున్నవాళ్ళే. కానీ ట్రాన్స్‌ఫర్ అయిపోయిన పదేళ్ళకి కూడా జనం పేరు పెట్టి అడిగేది ఇద్దరు ముగ్గురినే, వాళ్ళు ఏం చేశారో అదే మీకు చెప్తున్నా.

ముందు ఎగ్జామ్. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఈ పోస్టుకి కనీసం మూడేళ్ళు అడ్వకేట్‌గా ప్రాక్టీస్ ఉండాల్సిందేనని, లా క్లర్కుగా చేసిన కాలం కూడా లెక్కలోకి వస్తుందని, సెలెక్ట్ అయ్యాక కూడా ఏడాది ట్రైనింగ్ అవ్వకుండా కోర్టులో కూర్చోకూడదని. కాబట్టి కాలేజ్ నుంచి డైరెక్ట్‌గా బెంచ్ ఎక్కుదాం అనుకోకండి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ప్రతి లైన్ చదవండి. ముందు ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్, తర్వాత సివిల్ లా, క్రిమినల్ లా, ఇంగ్లీష్ అని మూడు రిటన్ పేపర్లు, చివర్లో వైవా, అంటే ఇంటర్వ్యూ. క్రిమినల్‌కి 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కానీ పాత ఎఫ్ఐఆర్ల కేసులు ఇంకా నడుస్తున్నాయి, రెండూ చదవాలి. పిల్లలు తేలిగ్గా తీసుకునేది ఇంగ్లీష్ పేపర్లో ఉండే ట్రాన్స్‌లేషన్. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు వాక్యం సరిగ్గా రాయలేనివాళ్ళు అక్కడ ఇబ్బంది పడతారు, రోజూ ఒక పేజీ తెలుగులో చేత్తో రాయండి.

ఆ మూడేళ్ళ ప్రాక్టీస్‌ని సర్టిఫికెట్ కోసం గడిపేయొద్దు. సీనియర్ దగ్గర దావా డ్రాఫ్ట్ చేయండి, చీఫ్ అఫిడవిట్, అంటే సాక్షి చెప్పేది ముందే రాసిచ్చే కాగితం, రాయండి, కోర్టు ఆర్డర్లు అమలు చేసే అమీనాతో పాటు వెళ్ళి డిక్రీ ఎలా అమలవుతుందో కళ్ళారా చూడండి. గెలిచిన మనిషి కూడా ఇ.పి., అంటే డిక్రీ అమలు చేయించమనే పిటిషన్, వేసుకుని ఏళ్ళ తరబడి తిరుగుతుంటాడు, ఇ.పి.ని ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పినా సరే తిరుగుతూనే ఉంటాడు. అది చూసినవాడు రేపు జడ్జి అయ్యాక ఇ.పి. ఫైల్‌ని కట్ట అడుగుకి తోసేయడు.

ఇంక అసలు విషయం. నన్ను ఒక్క మాటలో చెప్పమంటే వచ్చిన సాక్షిని వెనక్కి పంపొద్దు అంటాను. పల్లెటూరి నుంచి వచ్చే సాక్షి తెల్లారకముందే లేచి బస్సెక్కుతాడు, ఆ రోజు కూలి పోతుంది, కోర్టు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడతాడు, అప్పుడు ప్లీడరు గారికి వేరే కోర్టులో పని ఉంది వాయిదా ఇప్పించండి అంటే పోస్టెడ్ టు అని ఒక డేట్ పడుతుంది. డేట్ రాయడానికి నాకు అర నిమిషం, ఆ మనిషికి మళ్ళీ ఒక రోజు. ఒక పార్టీకి కేసు మొత్తం మీద మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17లోనే ఉంది. నేను చేసినవాళ్ళలో ఒక అయ్యగారు పదిన్నర కొట్టేసరికి సీట్లో ఉండేవారు, కాల్‌వర్క్, అంటే ఆ రోజు కేసులన్నీ ఒకసారి పిలవడం, అవ్వగానే ఎవరెవరు సాక్షులు వచ్చారు అని నన్ను అడిగి పేర్లు ఒక చీటీ మీద రాసుకునేవారు, సాయంత్రం లేచేలోపు ఆ చీటీ మీద పేర్లన్నీ కొట్టేసి ఉండాలి. ప్లీడర్లు మొదట్లో గొణిగారు, రెండు నెలలకి వాళ్ళే రెడీ అయి రావడం మొదలుపెట్టారు.

ఆయన దగ్గరే ఒక ఇంజంక్షన్ దావాలో, అంటే అవతలివాడిని ఆపమని వేసిన కేసులో, పెద్దావిడ సాక్ష్యం చెప్తోంది. ప్రతివాది గట్టు జరిపి నా పొలంలోకి వచ్చాడు అని అఫిడవిట్‌లో ఉంది, ఇంగ్లీష్‌లో టైప్ చేసింది, కింద ఆవిడ వేలిముద్ర. క్రాస్‌లో, అంటే అవతలి ప్లీడరు ప్రశ్నలేస్తున్నప్పుడు, ఆవిడ తడబడుతుంటే అయ్యగారు పెన్ను పక్కన పెట్టి పెద్దమ్మా, కూర్చో, నీళ్ళు తాగు, గట్టు జరిపాడా తెంపాడా అని అడిగారు. జరపలేదు బాబూ, నీళ్ళ కోసం తెంపాడు, నా నారుమడి మునిగింది అంది. హాల్లో అందరూ సైలెంట్. నాలుగేళ్ళుగా హద్దు తగాదా అనుకుంటున్నది నీళ్ళ తగాదా! ఆ మాట ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాయించారు, రాసింది ఆవిడకి తెలుగులో చదివి వినిపించమన్నారు. తర్వాత ఆ కేసు లోక్ అదాలత్‌లో తూము ఎక్కడ పెట్టుకోవాలి అనేదాని మీద రాజీ అయింది, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొచ్చింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీల్ ఉండదు, కాబట్టి ఇన్ని కేసులు తేల్చామని లెక్క చూపించుకోవడం కోసం ఎవర్నీ రాజీకి తొయ్యకూడదు, ఇద్దరికీ ఏం ఒప్పుకుంటున్నారో అర్థమయ్యాకే సంతకం.

అందుకే తెలుగు గురించి అంతగా చెప్పేది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టే ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది. కింది కోర్టులో మీరు తీర్పు ఇంగ్లీష్‌లో రాసినా సరే, చదివేటప్పుడు ఓడిపోయినవాడికి ఎందుకు ఓడిపోయాడో రెండు ముక్కలు తెలుగులో చెప్పండి. చాలామంది అప్పీల్‌కి వెళ్ళేది కోపంతో కాదు, అర్థంకాక.

చిన్న టౌన్‌లో సివిల్ జడ్జే మామూలుగా మేజిస్ట్రేట్ కూడా. మూడేళ్ళ దాకా జైలు వేసే పవర్ ఉంటుంది, కానీ అసలు పవర్ రిమాండ్ దగ్గరే. అరెస్ట్ చేసిన 24 గంటల్లోపు మీ ముందు పెట్టాలి కాబట్టి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంటి గేటు ముందు జీపు ఆగుతుంది. అలసిపోయి ఉంటారు, అన్నం చల్లారిపోతుంటుంది, అయినా పేపర్ల మీద చూసి సంతకం పెట్టి పంపేయొద్దు. ఒక మేడమ్ గారు వరండాలో లైట్ వేయించి, కానిస్టేబుళ్ళని గేటు బయటికి పంపించి, కుర్రాడిని దగ్గరికి పిలిచి ఎప్పుడు పట్టుకున్నారు, ఇంట్లో చెప్పారా, కొట్టారా, చొక్కా తీసి వీపు చూపించు అనేవారు. ఒకసారి కుర్రాడు ఏం లేదమ్మా అన్నాడు గానీ నడక తేడాగా ఉంది. అరికాళ్ళు చూపించమన్నారు. కమిలిపోయి ఉన్నాయి. ఆ రాత్రే గవర్నమెంట్ డాక్టర్‌కి మెడికల్ ఎగ్జామినేషన్‌కి ఆర్డర్ రాశారు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్ట్ చేయొద్దని, కారణాలు చూడకుండా రిమాండ్ వేసిన మేజిస్ట్రేట్ మీద కూడా హైకోర్టు యాక్షన్ తీసుకోవచ్చని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు బల్ల మీద ఉండాలి.

జీతం తక్కువేం కాదు, జడ్జీల రెండో పే కమిషన్ ప్రకారం మొదటి బేసిక్ 77,840. కష్టం వేరే చోట ఉంటుంది. టౌన్‌లో అందరికీ మీరు తెలుసు, మీరు మాత్రం ఎవరింటికీ వెళ్ళలేరు. పెళ్ళికి పిలుస్తారు, మామిడి పళ్ళ బుట్ట పంపిస్తారు, కూరగాయలు కొంటుంటే వద్దు సార్ డబ్బులు అంటారు. బుట్ట అదే మనిషితో వెనక్కి పంపాలి, కూరగాయలకి డబ్బులిచ్చే కదలాలి. మూడేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్, పిల్లల స్కూల్ మారుతుంటుంది, ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఒంటరితనం ఉంటుంది, పుస్తకాలో, పొద్దున్నే నడకో, ఏదో ఒకటి అలవాటు చేసుకోండి. పైకి వెళ్ళే దారి మూసుకుపోయి లేదు, సీనియర్ సివిల్ జడ్జి, తర్వాత జిల్లా జడ్జి. మన తెలుగువాడు కోకా సుబ్బారావు గారు కూడా తొలి రోజుల్లో కొద్దికాలం బాపట్లలో మున్సిఫ్‌గా, అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి లాంటి పోస్టులో, చేశారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

చివరగా ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన రోజు గురించి. సన్మానాలకి టైమ్ ఇచ్చే ముందు బెంచి క్లర్కుని పిలిచి ఆర్గ్యుమెంట్స్ విని తీర్పు కోసం రిజర్వ్ చేసిన కేసులు ఎన్ని ఉన్నాయో లిస్ట్ అడగండి. మీరు తీర్పు రాయకుండా వెళ్ళిపోతే కొత్త జడ్జిగారు ఆ వాదనలన్నీ మళ్ళీ మొదటి నుంచి వినాలి, పార్టీలు మళ్ళీ ఆ బస్సెక్కాలి. ఇందాక చీటీ అయ్యగారని చెప్పానే, ఆయనకి ఆర్డర్ వచ్చినప్పుడు లిస్టులో ఏడు ఉన్నాయి. రిలీవ్ అవ్వడానికి నాలుగు రోజులు. రోజూ రాత్రి దాకా ఛాంబర్‌లో స్టెనోకి డిక్టేట్ చేస్తూ కూర్చున్నారు, నేను ఎగ్జిబిట్లు, అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన కాగితాలు, తీసి ఇస్తూ ఉన్నా. చివరి రోజు నాలుగున్నరకి ఏడోది కూడా చదివి, చీటీ మీద ఆ నంబర్ కొట్టేసి, చార్జ్ పేపర్ మీద సంతకం పెట్టారు.