పైకప్పు విప్పే ముందు గబ్బిలాల సంగతి చూడండి

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి రెండు మూడేళ్లకే అటకను గదిగా మార్చాలన్న ఆలోచన వస్తుంది. పిల్లలు పెద్దవాళ్లవుతారు, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు, ఇంకో గది కావాలి. డబ్బు లెక్క చూసుకుంటారు, ఆర్కిటెక్టును మాట్లాడుకుంటారు, మంచిరోజు కూడా పెట్టించుకుంటారు. పెంకుల కింద అప్పటికే ఎవరైనా కాపురం ఉంటున్నారేమో మాత్రం చూడరు. మేమూ చూడలేదు. సెప్టెంబరు చివర్లో అనుమతి కోసం స్థానిక కౌన్సిల్‌కు ప్లాన్లు ఇచ్చాక, గబ్బిలాల సర్వే నివేదిక కావాలన్నారు. సర్వే చేసేవాళ్లను అడిగితే మే నెల దాకా ఆగక తప్పదన్నారు. దాదాపు ఎనిమిది నెలలు ఊరికే గడిచిపోయాయి.

అందుకే మొదటి జాగ్రత్త ఇదే: ఈ సర్వే చేసే జీవావరణ నిపుణుణ్ణి, అంటే ఎకాలజిస్టును, ఆర్కిటెక్టు తర్వాత కాదు, ముందే పిలవండి. వచ్చే ఏడాది వేసవిలో పని మొదలవ్వాలంటే ఈ ఏడాది వేసవిలోనే సర్వే పూర్తికావాలి.

మనకు ఇది విడ్డూరంగా తోచడంలో తప్పులేదు. ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టమని విని పెరిగినవాళ్లం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కూడా పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో పాటు హానికర జంతువుల జాబితాలోనే చాలాకాలం ఉంచింది. ఇంగ్లండ్‌లో సంగతి వేరు. 1981 నాటి వన్యప్రాణి చట్టం, 2017 నాటి ఆవాసాల నిబంధనలు ఇక్కడి గబ్బిలాలన్నిటినీ కాపాడుతున్నాయి. వాటిని చంపడం, బెదరగొట్టడమే కాదు, అవి ఉండే చోటును పాడుచేసినా నేరమే. ఆ సమయానికి అక్కడ ఒక్క గబ్బిలం లేకపోయినా ఆ చోటుకు రక్షణ ఉంటుంది. ఎందుకంటే అవి ఏటేటా అక్కడికే తిరిగివస్తాయి. శిక్ష ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. లండన్‌లోని గ్రీనిచ్‌లో గబ్బిలాలున్న భవనాన్ని కూల్చిన ఒక పెద్ద గృహనిర్మాణ సంస్థకు 2020లో న్యాయస్థానం 6 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ప్లానింగ్ అనుమతి అక్కర్లేని చిన్న పని అయితే ఈ గొడవ ఉండదని కొందరు మేస్త్రీలు ధైర్యం చెబుతారు. నమ్మకండి. అనుమతి అక్కర్లేని పనులకూ గబ్బిలాల చట్టం వర్తిస్తుంది.

ముందుగా మీరే పగటిపూట బయట నిలబడి ఇంటిని చూడండి. జారిన పెంకులు, చూరు కింద చీలికలు, పొగగొట్టం మొదట్లో ఊడిన సీసపు రేకు, గోడకు పరచిన చెక్కల మధ్య సందులు గమనించండి. పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం బరువు 5 గ్రాములే. బొటనవేలు పట్టే సందు దానికి చాలు. అటకలో, కిటికీ గట్ల మీద నల్లటి రెట్టలు కనిపిస్తే రెండు వేళ్ల మధ్య కాగితంలో పెట్టి నలపండి. పొడిపొడిగా రాలిపోతే గబ్బిలానివి, అందులో మెరిసేవి పురుగుల రెక్కల ముక్కలు. గట్టిగా ఉంటే ఎలుకవి. అంతకుమించి వెతకవద్దు. సందుల్లో కర్ర పెట్టి కదపడం, పొగ పెట్టడం, రంధ్రాలు మూసేయడం అసలే వద్దు.

తర్వాత ఎకాలజిస్టు చేసే మొదటి పరిశీలన ఏ నెలలోనైనా జరుగుతుంది. గబ్బిలాలకు అవకాశమే లేదని తేలితే అంతటితో సరి. అవకాశం ఉందనుకుంటే, అది ఎంత ఉందన్నదాన్ని బట్టి ఒకటి నుంచి మూడు సాయంత్రాల సర్వే అవసరమవుతుంది. అది మే నుంచి సెప్టెంబరు మధ్యే, సర్వేకూ సర్వేకూ మధ్య కనీసం మూడు వారాల ఎడంతో. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఆగస్టులో ఫోను చేస్తే మూడు సర్వేలకు రోజులు సరిపోవు. పైగా వేసవిలో ఎకాలజిస్టులకు తీరిక దొరకదు. జనవరి, ఫిబ్రవరిలోనే మాట్లాడి పెట్టుకోండి.

మా ఇంటి సర్వే జూన్‌లో జరిగింది. సూర్యాస్తమయానికి పావుగంట ముందు వాళ్లు వచ్చి, నాలుగు వైపులా పరారుణ కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. గబ్బిలాల కూత మన చెవికి అందదు. చేతిలోని చిన్న యంత్రం దాన్ని టపటపమనే చప్పుడుగా మార్చి వినిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెనుక చూరు నుంచి ఒకటి జారిపడినట్టు వచ్చి రెక్కలు విప్పింది. ఆ వెనుక ఇంకొకటి. మొత్తం పదకొండు. పిల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఏడాదికి ఒక్క పిల్లనే కనే ఆ తల్లులు ఆ నెలల్లోనే పెంకుల కింద పిల్లలను సాకుతాయి. అప్పటికి మేము పని మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో అన్న తలపు నన్ను ఇంకా వదలలేదు.

గబ్బిలాలు ఉన్నాయని తేలినంత మాత్రాన గది ఆశ వదులుకోనక్కర్లేదు. ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ నుంచి లైసెన్సు తీసుకుని, గబ్బిలాలు పిల్లలను సాకే కాలం, శీతనిద్ర కాలం తప్పించి పని చేయవచ్చు. వాటికి వేరే చోటు ఏర్పాటు చేయాల్సి ఉంటుంది. నివేదిక పాతబడినా చిక్కే. ఏడాది, ఏడాదిన్నర దాటితే మళ్లీ చేయించమనవచ్చు.

గబ్బిలాలతో పాటు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. పక్షుల గూళ్ల కాలం మార్చి నుంచి ఆగస్టు దాకా, ఆ నెలల్లో పొదలు నరకకండి. దగ్గర్లో చెరువుంటే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే నీటిబల్లి కోసం మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా వెతుకుతారు.

సర్వేలో ఏమీ కనిపించకపోయినా, పెంకు ఎత్తినప్పుడు గబ్బిలం బయటపడవచ్చు. వెంటనే పని ఆపించండి, ఎకాలజిస్టుకు ఫోను చేయండి. ఈ మాట మేస్త్రీకి మొదటి రోజే చెప్పి ఉంచండి. వట్టి చేత్తో ఎవరూ పట్టుకోకూడదు. ఇక్కడి కొన్ని గబ్బిలాల్లో రేబిస్ జాతి వైరస్ ఉంటుంది. గోరు గీరుకున్నా, పన్ను దిగినా సబ్బుతో కడిగి అదే రోజు వైద్యుల దగ్గరకు వెళ్లండి. దారి తెలియకపోతే గబ్బిలాల సంరక్షణ సంస్థ బ్యాట్ కన్జర్వేషన్ ట్రస్టు నడిపే సహాయ ఫోనులో సలహా ఇస్తారు.

పెంకుల కింద పరిచే పొర సంగతి కూడా అడగండి. గాలి ఆడే కొత్తరకం పొరల్లో చాలావాటి నుంచి గబ్బిలాల గోళ్లకు సన్నని పోగులు లేస్తాయి. వాటిలో చిక్కుకుని అవి చనిపోతాయి. గబ్బిలాలు తిరిగివచ్చే చోట పాత పద్ధతిలో తారు పట్టించిన పొర, అంటే తారు ఫెల్టే వేయమనండి. మేస్త్రీ సామాను కొనక ముందే ఈ మాట కాగితం మీద పెట్టించండి.